సూరీడమ్మ దవడ పన్ను

మే 11

ఈ పుస్తకం కేంద్రానిది కాదు. కేంద్రంలో నేను రోజూ నింపాల్సిన దినచర్యలో మూడే గడులు ఉంటాయి. ఎన్ని పళ్లు తీశాం, ఎన్ని పలువరసలు బిగించాం, ఎంతమంది నవ్వుతూ వెళ్లారు. ఈరోజు జరిగింది ఆ మూడింటిలో ఎక్కడా పట్టలేదు. అందుకే మా ఆవిడ వంటింటి సరుకులు రాసుకునే నోటు పుస్తకాన్ని వెనక నుంచి తిప్పి రాస్తున్నాను.

నా పేరు కృపావరం. ఎత్తుపేటలో దంత మార్పిడి అధికారిని. పంతొమ్మిదేళ్ల సర్వీసు. మా ఊరు ఉప్పునీటి మీద స్తంభాలెత్తి కట్టినది. ఇక్కడ ఇరవయ్యొకటి నిండిన ప్రతివాళ్ల నోట్లోనూ నగర పలువరస ఉంటుంది. సొంత పళ్లన్నీ తీసేసి అరగంటలో బిగిస్తాం. పుచ్చదు, అరగదు, పచ్చబడదు. నమిలేటప్పుడు దవడ ఎముక గుండా పురపాలక ప్రకటనలు కూడా వినిపిస్తాయి. ఈ మధ్యాహ్నం సాంబారన్నం తింటుంటే, సంపూర్ణ దంత నగరం పురస్కారానికి మన ఊరు ఒక్క అడుగు దూరంలో ఉందని నా పళ్లు నాకు చెప్పాయి.

ఆ ఒక్క అడుగు పదకొండో నంబరు చీటీ పట్టుకుని పొద్దున్న నా గదిలోకి వచ్చింది. పేరు సూరీడమ్మ. అరవై మూడేళ్లు. పలువరస చట్టం వచ్చిన ఏడాదికి ఆవిడకి నలభై నిండాయి. నలభై నిండినవాళ్లకి పన్ను నొప్పి వచ్చేవరకూ వెసులుబాటు ఇచ్చారు. మిగతావాళ్లకి ఒక్కొక్కరికీ నొప్పి వచ్చింది. ఈవిడకి ఇరవై మూడేళ్లపాటు రాలేదు.

ఇప్పుడు ఎడమ చెంప కొంచెం ఉబ్బి ఉంది.

"కింద దవడ పన్ను బాబూ. వేడి తగిల్తే పేణం లాగేత్తన్నాది" అంది కుర్చీలో కూర్చుంటూ. "పీకీకు. బాగు సెయ్యి."

నాకు అర్థం కాలేదు. "బాగు చెయ్యడమంటే?"

"పన్ను ఉండాల, నొప్పి పోవాల. డాట్రువి గదా?"

పంతొమ్మిదేళ్లలో ఆ మాట నన్నెవరూ అడగలేదు.

"అమ్మా, పలువరస పెట్టించుకుంటే అసలు నొప్పే ఉండదు" అన్నాను.

"నొప్పి ఉండదు సరే. తెలివి ఉంటాదా?"

"పళ్లకి తెలివేమిటి?"

ఆవిడ కొంగుముడి విప్పి, రెండు వడ్లగింజలు తీసి నా అరచేతిలో పెట్టింది. "ఒకటి మూడెండలు ఎండినాది. ఒకటి రెండెండలే. కొరికి సెప్పు ఏది ఏదో."

రెండూ కొరికాను. రెండూ నలిగాయి. అంతకుమించి నాకేమీ తెలియలేదు. నా పళ్లు మాత్రం, ఆహారం కాని వస్తువులు నమలవద్దని హెచ్చరించాయి.

మే 12

సూరీడమ్మ చేసే పని గురించి మా నర్సు ఝాన్సీ చెప్పింది. ఝాన్సీ వాళ్ల నాన్నది వరి మడి.

మా ఊరికి ఏడాదికి ఒకటే పంట. వానలూ సముద్రపు పోటూ వెళ్లాక నాట్లు. అందుకు విత్తనాన్ని జూన్ మొదట్లో గిడ్డంగిలో పెట్టి మూసేస్తారు. నాలుగు నెలల తర్వాత తెరుస్తారు. లోపలికి తడి గింజ వెళ్లిందా, బూజు పడుతుంది, పక్క బస్తాలనూ పాడుచేస్తుంది. గుమ్మం దగ్గర తేమ మీటరు ఉంది. పన్నెండు శాతం దాటితే విత్తనాన్ని వెనక్కి పంపాలని రూలు. మీటరు పెట్టి నాలుగేళ్లయింది. అది ఇంతవరకూ పన్నెండు దాటి చూపించలేదు. అందుకు దానికి ప్రశంసాపత్రం కూడా ఇచ్చారు. రెండేళ్ల కిందట పావు వంతు విత్తనం గిడ్డంగిలోనే మొలకెత్తిపోయింది. ఎత్తుపేట విత్తనాలు గడువు కంటే ముందే మొలకెత్తి ఘనత సాధించాయని ఆ రోజు ప్రకటన విన్నట్టు నాకూ గుర్తుంది. ఆ ఏడు చలికాలమంతా జావ తాగి గడిపాం.

"అప్పట్నుంచీ రైతులంతా ముందు సూరీడమ్మ దగ్గరికెళ్తన్నారు సార్" అంది ఝాన్సీ. "ఆవిడ బస్తాకో గింజ కొరుకుద్ది. ఎండిందంటేనే మీటరు కాడికి తెస్తారు. ఆ పన్ను పోతే మాకింక మీటరే దిక్కు."

"వేరే పంటితో కొరకొచ్చు కదా?"

"కుడి పక్క పళ్లు ఎప్పుడో ఊడిపోయినాయంట. పైదీ కిందదీ కలిసే జత ఎడం పక్క అదొక్కటే."

మూడు వారాల్లో గిడ్డంగి మూస్తారు.

మే 14

కాలేజీలో మాకు పాత పద్ధతులు అని ఒక పాఠం ఉండేది. పుస్తకం వెతికి చూశాను. రూట్ కెనాల్ గురించి అరపేజీ ఉంది. పంటి లోపల చచ్చిపోయిన నరాన్ని తీసి, వేర్లలోని సన్నటి గొట్టాలను శుభ్రం చేసి, మూసి, పంటిని నిలబెట్టుకునేవారట. చివర్లో ఇలా ఉంది: "ఈ పద్ధతి నిషిద్ధం కాదు. అనవసరం."

నిషిద్ధం కాదు. నేను ఆ వాక్యాన్ని మూడుసార్లు చదివాను. దీనికి దరఖాస్తు ఫారం లేదు. ఫారం లేదు కాబట్టి దాన్ని తిరస్కరించే గడి కూడా లేదు.

సామాను కావాలి. అది ఎక్కడుందో ఊరందరికీ తెలుసు. పురపాలక ప్రదర్శనశాలలో, ఆటవిక యుగపు హింసా సాధనాలు అని రాసి ఉన్న అద్దాల బీరువాలో. వెంట్రుక కంటే కొంచెమే లావుండే ఉక్కు ఆకురాళ్లు, వాటికి రంగురంగుల పిడులు. పక్కనే ఒక డబ్బాలో అగ్గిపుల్లల కంటే సన్నటి గులాబీరంగు పుల్లలు. గట్టా పర్చా అంటారట, ఒక చెట్టు పాలు గడ్డకట్టించి చేసేవారు. గొట్టాలు మూయడానికి అదే వాడేవారు.

విద్యార్థులకు చూపించి భయపెట్టాలని రాసి అడిగాను. వెంటనే ఇచ్చారు.

మే 17

మూడు రోజులుగా డ్యూటీ అయ్యాక చెత్తడబ్బాలోని పళ్ల మీద సాధన చేస్తున్నాను. మా కేంద్రంలో పళ్లకు కొదవ లేదు. పైనుంచి రంధ్రం చేసి, లోపలి గదిని తెరిచి, గొట్టాల నోళ్లు వెతకాలి. మొదటి పది పళ్లలో ఒక్క నోరూ కనిపించలేదు. పదిహేడో పంటికి వేరు పక్కనుంచి బయటికి పొడుచుకొచ్చాను. ఇరవై రెండో దాంట్లో ఆకురాయి విరిగి ఇరుక్కుపోయింది. ఇరవై తొమ్మిదో పన్ను చేసేటప్పటికి చేతికి ఒక సంగతి తెలిసొచ్చింది. తోయకూడదు. పావు వంతు తిప్పి వెనక్కి లాగాలి, మళ్లీ పావు వంతు. దారి ఉన్నచోటికి అదే వెళుతుంది.

గట్టా పర్చా పుల్లలు ముట్టుకుంటే పెళుసుగా విరిగిపోతున్నాయి. పాతబడ్డవాటిని వేడినీళ్లలో కాసేపు, వెంటనే చన్నీళ్లలో కాసేపు ఉంచితే తిరిగి మెత్తబడతాయని డబ్బా అడుగున ఎవరో చేత్తో రాసిన కాగితం దొరికింది. ఝాన్సీ టీ కాచే గిన్నెలో చేసి చూశాం. పుల్ల వంగింది, విరగలేదు. ఇద్దరం చిన్నపిల్లల్లా దాన్ని అటూ ఇటూ వంచుతూ కూర్చున్నాం.

ఒక విషయం మాత్రం నన్ను తొలిచేస్తోంది. నరం తీసేస్తే గింజ ఎండిందో లేదో ఆ పంటికి తెలుస్తుందా?

పాత పుస్తకంలో దానికీ ఒక వాక్యం దొరికింది. వేడీ చల్లనా తెలిసేది పంటి లోపలి నరానికి. ఎంత గట్టిగా కొరుకుతున్నామో ముఖ్యంగా తెలిసేది వేరు చుట్టూ, ఎముకకూ పంటికీ మధ్య ఉండే సన్నటి పొరకి. నరం తీసినా ఆ పొర మిగులుతుంది. పన్ను పీకితే అది కూడా పోతుంది.

అంటే పంతొమ్మిదేళ్లుగా నేను ఊరందరి నోళ్లలోంచి పీకింది పళ్లొక్కటే కాదు. ఇది రాసి కాసేపు లేచి వరండాలో తిరిగి వచ్చాను.

మే 18

మొదటి విడత అయింది.

పెద్ద చిక్కు ఎక్స్‌రే దగ్గర వచ్చింది. వేర్ల పొడవు తెలియకుండా లోపలికి దిగలేను. కానీ మనిషి పేరుతో పుచ్చిన పంటికి ఎక్స్‌రే తీస్తే యంత్రం తనంతట తానే మార్పిడి ఉత్తర్వు పంపిస్తుంది. దాన్ని ఆపడం నా చేతిలో లేదు. ఝాన్సీ యంత్రం జాబితా అంతా కిందికి జరిపి చూసింది. చివర్లో పశువులు అని ఉంది. గేదెకు నగర పలువరస లేదు కాబట్టి ఉత్తర్వూ వెళ్లదు.

"అమ్మా, నిన్ను గేదెగా రాయాల్సి వస్తోంది" అన్నాను మొహమాటంగా.

"రాసుకో బాబూ. పాలిచ్చేదా, ఒట్టిపోయిందా?"

యంత్రం నిజంగానే ఆ ప్రశ్న అడిగింది. ఎన్నో ఈత అని కూడా అడిగింది. నాలుగు అని ఆవిడే చెప్పింది.

మత్తు సూది నాకు అలవాటైన పనే. ఆ తర్వాత ఏదీ అలవాటైంది కాదు. చేతితొడుగు రబ్బరు కత్తిరించి, చిల్లు పెట్టి, పంటికి తొడిగాను, లాలాజలం తగలకుండా. రంధ్రం చేశాను. లోపలి గది తెరుచుకోగానే చీము పైకుబికి వచ్చింది. సూరీడమ్మ గట్టిగా ఊపిరి వదిలింది.

"నొప్పా?"

ఆవిడ కాదన్నట్టు చెయ్యి ఊపింది. నోరు ఖాళీ అయ్యాక చెప్పింది. "నొప్పి కాదు బాబూ. వారం రోల్లకి ఇప్పుడు తెరిపినిచ్చినాది."

ముందు వేరులో రెండు గొట్టాలు, వెనక వేరులో ఒకటి దొరికాయి. వెనక వేరులో ఇంకొకటి ఉండొచ్చని అనుమానం వచ్చి మరో ముప్పావుగంట వెతికాను. ఉంది. వదిలేసి ఉంటే మళ్లీ చీము పట్టేది. నీళ్ల శుద్ధిలో వాడే బ్లీచింగు ద్రవాన్ని పలచన చేసి ఆకురాయి మార్చినప్పుడల్లా కడిగాను. చివరికి లోపల సున్నం ముద్ద పెట్టి తాత్కాలికంగా మూసేశాను.

"సున్నమా? తాంబూలంలోదా?"

"అలాంటిదే. శుభ్రం చేసింది."

"మరి ఆకూ వక్కా?" అంది నవ్వబోయి, మొద్దుబారిన పెదవితో సగం నవ్వి.

నాలుగు గంటలు పట్టింది. లేచి నిలబడితే నా నడుము పట్టేసింది. పలువరస అయితే ఎనిమిది మందికి బిగించి ఉండేవాణ్ణి.

మే 22

వాపు తగ్గింది. మా కేంద్రాన్నీ విత్తన గిడ్డంగినీ రెండింటినీ చూసే సంచాలకులు తారకేశ్వర్ గారు పిలిపించారు. ఆయన గది గోడ మీద సంపూర్ణ దంత నగరం బ్యానరు అప్పుడే కట్టేశారు. నూరు శాతం అని అచ్చు వేసేశారు కూడా.

"జూన్ ఐదున పురస్కార సంఘం వస్తోంది కృపావరం గారూ. ఆ ముసలావిడ మీ దగ్గరికి నొప్పితో వచ్చిందని విన్నాను. ఇంకా ఉత్తర్వు రాలేదేం?"

"నొప్పి తగ్గిపోయిందండి."

"నొప్పి తగ్గడమేమిటి? మన కేంద్రంలో నొప్పి తగ్గదు, తొలగించబడుతుంది" అన్నారాయన. "ఒక్క నోరు. ఊరంతటికీ మచ్చ. ఐదో తారీకులోగా చూడండి."

నేను సరేనన్నాను. చూడమన్నారు, పీకమని అనలేదు.

మే 25

రెండో విడత. చీము లేదు, వాసన లేదు. నాలుగు గొట్టాలనూ ఆరబెట్టి, లవంగనూనెలో కలిపిన పొడిముద్ద రాసి, గట్టా పర్చా పుల్లలు ఒక్కొక్కటే దించి, వేడి చేసిన కడ్డీతో కుక్కాను. గది అంతా లవంగాల వాసన. బయట కూర్చున్నవాళ్లు ఎవరింట్లో బిర్యానీ అని అడిగారట.

మళ్లీ గేదె ఎక్స్‌రే తీశాం. తెల్లటి మూడు గీతలు వేర్ల కొసల దాకా నిండుగా ఉన్నాయి. నాలుగోది మాత్రం రెండు మిల్లీమీటర్లు తక్కువైంది. దాన్ని తీసి మళ్లీ పెట్టాను.

మే 29

ఇలా తొలిచిన పన్ను గట్టిగా కొరికితే చీలిపోతుంది, తొడుగు కావాలి. తొడుగు చేసే సామాను ప్రదర్శనశాలలో లేదు. నగర పలువరసలోంచి ఒక దవడ పన్ను విడదీసి, లోపల తొలిచి, రెండు రోజులు అరగదీసి సరిపెట్టాను. బిగించాక సూరీడమ్మ నాలుకతో తడిమి చూసుకుంది.

"కొరకనా?"

కొంగులోంచి గింజ తీసింది. ఝాన్సీ నా పక్కకి వచ్చి నిలబడింది.

ఆవిడ కళ్లు మూసుకుని కొరికింది. తర్వాత పిప్పి అరచేతిలోకి ఉమ్మి చూసుకుంది.

"తెలీడం లేదు బాబూ."

నేను కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాను.

"అస్సలు తెలీడం లేదా?"

"తెల్తన్నాది. కానీ దూరం నుంచి ఎవులో పిలిసినట్టు ఉన్నాది. ఎవులో పోల్చుకోలేకపోతన్నాను." ఆవిడ నా మొహం చూసి నా చెయ్యి పట్టుకుంది. ఓదార్చాల్సింది నేను, ఓదార్చింది ఆవిడ. "ఉండు బాబూ. సిన్నప్పుడు మా అమ్మ నేర్పినప్పుడూ ఒక్కరోజులో రాలేదు నాకు. ఎండిన గింజ టక్‌మనాల, తడిగింజ కసుక్‌మనాల. ఆ రెంటికీ మజ్జిన ఉన్నదే కట్టం. నెల పట్టింది అప్పుడు."

మనకు నెల లేదు. వారం ఉంది.

జూన్ 2

సూరీడమ్మ నాలుగు రోజులుగా వడ్లు ఎండబెట్టే డాబాల మీదే ఉంటోంది. ఒక ఎండ, రెండెండలు, మూడెండలు తిన్న గింజలను వేరువేరుగా పెట్టుకుని, కొరకడం, ఉమ్మడం, మళ్లీ కొరకడం. మధ్యాహ్నం చూడటానికి వెళ్లాను. నెత్తిన తడిగుడ్డ వేసుకుని నీడలో కూర్చుని ఉంది. నన్ను చూడగానే లేచింది.

"వచ్చీసినాది బాబూ! ఇందాకే." కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. "గొంతు మారినాది అంతే. పాత గొంతు కాదు. అయినా పోల్చుకున్నాను."

నన్ను పరీక్షించమంది. ఝాన్సీ వాళ్ల నాన్న కలిపి ఇచ్చిన ఎనిమిది గింజల్లో ఏడు సరిగ్గా చెప్పింది. ఎనిమిదోది తప్పు చెప్పలేదు, ఇది పుచ్చుగింజ, దీన్ని అడక్కు అంది.

సాయంత్రం లోపు నూట నలభై బస్తాలు చూసింది. అరవై ఒకటి తడిగా ఉన్నాయంది.

జూన్ 3

అనుకున్నంతా అయింది. గడువు దాటుతోందని సంచాలకుల మనుషులు ఆ అరవై ఒక్క బస్తాలనూ మీటరు దగ్గరికి మోశారు, అన్నీ పన్నెండే చూపించాయి. తారకేశ్వర్ గారు వాటిని లోపల పెట్టమన్నారు. రైతులు గుమ్మానికి అడ్డంగా కూర్చున్నారు. ఈ గొడవలో ఆయనకి గేదె ఎక్స్‌రేల సంగతి తెలిసిపోయింది. నాలుగు ఈతలు ఈనిన గేదెకు నాలుగు గొట్టాల చికిత్స అని యంత్రం నెలవారీ నివేదికలో గొప్పగా రాసి పంపిందట.

పురస్కార సంఘం ముందే విచారణ పెడతామన్నారు.

జూన్ 5

ముగ్గురు సభ్యుల సంఘం. వేదిక మీద బ్యానరు, దాని కింద సూరీడమ్మ, నేను. ఎదురుగా ఊరు ఊరంతా.

తారకేశ్వర్ గారు మొదలుపెట్టారు. "ఆవిడ పంటిలో నరం లేదని డాక్టరు గారే ఒప్పుకున్నారు. అంటే అది చచ్చిన పన్ను. చచ్చిన పంటి సాక్ష్యాన్ని పట్టుకుని బతికున్న మీటరును అనుమానిస్తామా?"

జనంలో కొందరు తలలూపారు. వాళ్ల పళ్లు అప్పటికే వాళ్లకి ఆ మాట చెప్పి ఉంటాయి.

నేను లేచి వేరు చుట్టూ ఉండే పొర గురించి చెప్పబోయాను. మాట తడబడింది. జనం ముందు మాట్లాడటం నాకు చేతకాదు. అప్పుడు వెనక వరుసలోంచి ఝాన్సీ కేకేసింది.

"మాటలెందుకు సార్? ఇద్దర్నీ అడగండి. మీటర్నీ, అమ్మనీ."

సంఘం అధ్యక్షురాలు కుతూహలంగా ఒప్పుకుంది. ఐదు గిన్నెల్లో వడ్లు పెట్టించింది, ఏది ఏదో తనకొక్కదానికే తెలిసేలా. మొదటి నాలుగింటినీ మీటరు చూసింది. పన్నెండు, పన్నెండు, పన్నెండు, పన్నెండు. ఐదో గిన్నెలో వడ్లతోపాటు నీళ్లు కూడా ఉన్నాయి, అందరికీ కనబడుతూనే. మీటరు కాస్త ఆలోచించి పన్నెండు అంది.

సూరీడమ్మ ఒక్కొక్కటే కొరికింది. "మూడెండలు. ఒక ఎండ. ఇది మూడెండలు తిని మల్లీ మంచుకి తడిసినాది. ఇది రెండెండలు." ఐదో గిన్నె ముందు ఆగి అధ్యక్షురాలి వైపు చూసింది. "ఇదేటమ్మా, నానబెట్టినారు? అట్లు పోసుకోడానికా?"

నాలుగూ సరిపోయాయి. ఊరంతా ఒక్కసారిగా అరిచింది. ఝాన్సీ వాళ్ల నాన్న ఏడుస్తున్నాడు. ఆయన బస్తాలు ఆ అరవై ఒకటిలో ఉన్నాయి.

సంఘం లోపలికి వెళ్లి గంటసేపు తర్జనభర్జన పడింది. బయటికి వచ్చి తీర్పు చదివింది. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

ఒకటి. తేమ మీటరు పనితీరు నిర్దుష్టం.

రెండు. సాంస్కృతిక కారణాల దృష్ట్యా అరవై ఒక్క బస్తాలనూ మరో రెండెండలు ఎండబెట్టవలెను.

మూడు. సూరీడమ్మ పంటిలో చెట్టుపాలూ పైన నగర పలువరస తొడుగూ ఉన్నందున ఆ పంటిని కృత్రిమ దంతంగా పరిగణించడమైనది. ఒక కృత్రిమ దంతమున్న నోరు కృత్రిమ నోరే. కావున ఎత్తుపేట నూరు శాతం సాధించినది.

నాలుగు. అనవసరంగా కాపాడినందుకు డాక్టర్ కృపావరం గారిని మందలించడమైనది.

తారకేశ్వర్ గారు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టారు. పురస్కారం ఆయన చేతికే ఇచ్చారు.

"ఆ పన్ను లేకపోతే మనకీ గౌరవం వచ్చేదా!" అన్నారు నా భుజం తట్టి. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నవ్వాను. ఇన్నేళ్ల సర్వీసులో అధికారుల ముందు అదే అలవాటు.

జూన్ 19

నిన్న నాకు ఓటమి ఎదురైంది. రాయకపోతే ఈ పుస్తకానికి విలువుండదు.

పడవల రేవు గుమస్తా పైడినాయుడు తన పంతొమ్మిదేళ్ల కూతుర్ని తీసుకొచ్చాడు. కింది దవడ పన్ను. సూరీడమ్మకి చేసినట్టే చేయమన్నాడు. తెరిచాను, గొట్టాలు కనిపించాయి, అన్నీ సవ్యంగానే సాగుతున్నాయనుకున్నాను. వేరు నిలువునా చీలి ఉంది. అది ఎవరూ అతకలేరు. ఆ ఒక్క పన్నూ తీసేశాను.

ఆ అమ్మాయి దూది కొరికి పట్టుకుని లేచింది. పైడినాయుడు మాత్రం, "మొత్తం తీసేస్తారనుకున్నాను సార్, ఒక్కటే పోయింది" అని దండం పెట్టాడు. దండం పెట్టించుకునే పని నేను చేయలేదని నాకు తెలుసు. చీలిక ముందే కనిపెట్టడం నేర్చుకోవాలి.

సెప్టెంబరు 28

గిడ్డంగి తలుపులు తెరిచారు. నేనూ వెళ్లాను. గుమ్మం తీయగానే ముందు వాసన చూశారు రైతులు. ఝాన్సీ వాళ్ల నాన్న మొదటి బస్తాలో మోచేతి దాకా చెయ్యి దించి గుప్పెడు గింజలు తీశాడు. గలగలమన్నాయి.

లోపల ఒక మూల పన్నెండు బస్తాలు బూజు పట్టి ఉన్నాయి. సూరీడమ్మ దగ్గరికి తేకుండా నేరుగా మీటరుకి చూపించినవి అవేనట. అవి పురపాలక ఆదర్శ క్షేత్రానివి. ఈసారి విత్తనాలు బూజును సైతం పోషించాయని ప్రకటన వస్తుందేమోనని ఎదురు చూశాను. నా పళ్లు ఆ రోజంతా మౌనంగా ఉన్నాయి.

సూరీడమ్మ గడప మీద కూర్చుని ఒక గింజ కొరికి, గుప్పెట్లో మిగిలినవి నా జేబులో పోసింది.

"నాకెందుకమ్మా?"

"మొలకేసి సూడు. నీకు కొరకడం ఎలాగూ రాదు, కంటితో అయినా సూసుకో."

అక్టోబరు 7

పడవ నడిపే లిఖిత పొద్దున్న వచ్చింది. ఇరవయ్యేళ్లు. పలువరస బిగించే తేదీ నాలుగు నెలల్లో ఉంది. ఒక్క కృత్రిమ దంతమున్నా అది కృత్రిమ నోరేనన్న తీర్పు ఆ అమ్మాయీ వినే ఉంటుంది. పైదవడలో పన్ను నల్లబడి ఉంది.

"పీకీడానికైతే రాలేదు" అంది గుమ్మంలోనే నిలబడి. "ఉంచుతారంటేనే కూర్చుంటాను."

"చూడకుండా చెప్పలేను."

"సూరీడమ్మది ఉంచినారు గదా?"

"ఉంచాను. ఇంకొకరిది ఉంచలేకపోయాను."

ఆ అమ్మాయి వెనక్కి తిరిగి చూసింది. బయట వరండాలో మరో ముగ్గురు బుగ్గలు పట్టుకుని కూర్చుని ఉన్నారు. వాళ్లందరి వయసూ ఇరవై లోపే. ఝాన్సీ చేతులు కడుక్కుని, దీపం వెలిగించి, ఆకురాళ్లను మరుగునీళ్లలోంచి తీస్తోంది.

"నొప్పి పుడుతుందా?" అంది లిఖిత కుర్చీ అంచున కూర్చుంటూ.

"సూది గుచ్చేటప్పుడు కొంచెం."

"తర్వాత?"

"తర్వాత నీకు నడుము నొప్పి పుడుతుంది. చాలాసేపు పడుకోవాలి."

ఆ అమ్మాయి నవ్వు ఆపుకోలేకపోయింది. ఆ నవ్వులో పళ్లు ఎగుడుదిగుడుగా, ఒకటి కాస్త పక్కకి తిరిగి, దేనికదే ఒక పన్నులా కనిపించాయి. నేను చేతితొడుగు వేసుకుని, "నోరు తెరువు" అన్నాను.